నీళ్ళున్న ఊళ్ళు చూసొచ్చాను

(కోనసీమలో ఒక ఊరి గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం ఒక రిటైర్డ్ సోషల్ టీచర్ చేసిన ప్రసంగం, మాట్లాడింది మాట్లాడినట్టుగా)

అందరికీ నమస్కారం. పెద్దవాళ్ళు ఫ్యాను కిందకి వచ్చి కూర్చోండి, పిల్లలు ముందు చాప మీద సర్దుకోండి. వెనకాల అరుగు మీద ఉన్నవాళ్ళకి వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

మన లైబ్రేరియన్ గారు "టీచర్ గారూ, దేశం లోపలా బయటా తిరిగొచ్చారు కదండీ, ఆ కబుర్లు మనవాళ్ళకి చెప్పండి" అని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాను. కానీ ఎక్కడ దిగాం, ఏం తిన్నాం, టిక్కెట్టు ఎంతయింది అన్నవి ఈ గంటలో చెప్పను. అవి మీ ఫోన్లలోనే దొరుకుతాయి, కావాలంటే తర్వాత ఇంటికి రండి, టీ తాగుతూ చెప్పుకుందాం. ఈ పూట నీళ్ళున్న ఊళ్ళ గురించే మాట్లాడతాను. కావేరి డెల్టా, కేరళలో కుట్టనాడు, వియత్నాంలో మెకాంగ్ డెల్టా, ఆ తర్వాత నెదర్లాండ్స్.

ఇవే ఎందుకంటే, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏటా డెల్టా పాఠం చెప్పేదాన్ని. పిల్లలు నైలు నది బొమ్మ చూసి త్రిభుజం గీసి మార్కులు తెచ్చుకునేవారు. బడి వెనకాలే పంట బోదె పారుతుండేది, అది కూడా ఆ పాఠంలోదేనని వాళ్ళకి తట్టేది కాదు. రిటైరయ్యాక మా తోటి టీచర్లు కాశీ, చార్‌ధామ్, సింగపూర్ అని ప్యాకేజీలు చూసుకుంటుంటే, నాకు మాత్రం ఏరు సముద్రంలో కలిసే చోట మిగతా మనుషులు ఎలా బతుకుతున్నారో చూడాలని పట్టుకుంది. మా ఇంట్లో అందరూ "అంతర్వేది బస్సెక్కితే కనబడేదానికి విమానం ఎందుకు" అన్నారు.

ఎందుకో ఇప్పుడు చెప్పగలను. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న కాలువ గురించి మనం ఏమీ అడగం. ఈ లాకులు ఎందుకు కట్టారు, తలుపులు ఎవరు ఎత్తుతారు, శివారు చేలకి నీళ్ళెందుకు అందవు, వానాకాలం ముంపు నీళ్ళు ఎందుకు దిగవు, ఏదీ అడగం. పరాయి ఊళ్ళో అలాంటి కాలువే కనబడితే మాత్రం బండి దిగిన పది నిమిషాలకే అడిగేస్తాం. అడిగి తెలుసుకుని ఇంటికొచ్చాక మన కాలువ దగ్గర కూడా అవే ప్రశ్నలు నోట్లోకి వస్తాయి. తిరగడం వల్ల నాకు దక్కింది ఇదీ అని అడిగితే దీన్నే చెప్తాను.

ముందు పక్క రాష్ట్రం సంగతి. తంజావూరు వెళ్ళొచ్చినవాళ్ళు చేతులెత్తండి. చూశారా, ఎంతమందో. 1010లో రాజరాజ చోళుడు పూర్తి చేయించిన పెద్ద గుడి చూసి, అటు నుంచి అటే శ్రీరంగం వెళ్ళిపోయి ఉంటారు. ఆ దారిలోనే, తిరుచిరాపల్లికి దగ్గర్లో, కల్లణై ఉంది. పైన వంతెన, కింద తలుపులు కనబడతాయి కాబట్టి మామూలు బ్యారేజీ అనుకుని దాటిపోతాం. వంతెన, తలుపులు తర్వాతి కాలంలో వచ్చినవి. అసలు కట్ట అడుగున ఉంది, రాళ్ళతో కట్టింది. కరికాల చోళుడు కట్టించాడని చెప్తారు, దాదాపు 1800 ఏళ్ళ కిందటి మాట.

అక్కడికి ఎందుకు వెళ్ళానంటే మన ధవళేశ్వరం ఆనకట్ట కథ అక్కడే మొదలవుతుంది. కాటన్ దొర గారు 1847లో ఇక్కడ పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు, అది మన పిల్లలందరికీ తెలుసు. అంతకు ముందు ఆయన కావేరి మీద పనిచేశారు, 1836లో కావేరి పాయ కొళ్ళిడం మీద ఆనకట్ట కట్టారు. ఆ రోజుల్లో ఇంజినీర్లకి పెద్ద బెంగ ఇసక. ఏటి అడుగున ఎంత తవ్వినా రాయి తగలదు, మరి పునాది దేని మీద వెయ్యాలి? ధవళేశ్వరం దగ్గర గోదావరి అడుగు కూడా అంతే. లోతు తెలియని ఇసకలో పునాది నిలబెట్టడం కల్లణై కట్టినవాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని కాటన్ గారే రాశారు. పెద్ద బండ ఏటిలో పడేస్తే నీటి ఒరవడికి దాని కింద ఇసక కోసుకుపోయి బండ కొంత దిగుతుంది, దాని మీద ఇంకోటి వేస్తారు, అదీ దిగితే మరోటి, ఇక దిగడం ఆగిపోయేదాకా. ఆ తర్వాత పైన రాళ్ళు పేర్చుకుంటూ వచ్చారని చెప్తారు.

మన దగ్గర కాటన్ దొర విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి. గోదావరి స్నానానికి వెళితే సంకల్పంలో ఆయన పేరు చెప్పించే పురోహితులున్నారు. అది న్యాయమే, నేనూ ఆయనకి చేతులు జోడిస్తాను. కల్లణై మీద నిలబడి కింద నీళ్ళు చూస్తున్నప్పుడు మాత్రం, పేరు కూడా మిగలని ఆ కావేరి ఒడ్డు రాతిపనివాళ్ళకి కూడా జోడించాలనిపించింది. వాళ్ళ పనే మన తాతల చేలకి సార్వా నీళ్ళు తెచ్చింది కదండీ.

అక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. మేట్టూరు డ్యాం నుంచి కావేరి డెల్టాకి జూన్ 12న నీళ్ళు వదలడం ఆనవాయితీ. వానల్లేని ఏడు ఆ తేదీ తప్పుతుంది, అయినా ఆ తేదీ టీ కొట్లో గ్లాసులు కడిగే కుర్రాడు కూడా చెప్తాడు. కల్లణై దగ్గర తలుపులెత్తే రోజున పూలూ వరి గింజలూ నీళ్ళలో చల్లుతారు. మరి ఈ ఏడు మన కాలువకి నీళ్ళు ఎప్పుడు వదిలారు? పిల్లలూ, మీరు చెప్పండి.

(సభలో ఒక పెద్దాయన: జూన్ మొదటి వారంలోనమ్మా.)

బాబాయి గారే చెప్పాల్సి వచ్చింది. పిల్లలకి తెలియాలి ఆ రోజు.

ఆ ప్రయాణం నుంచి తిరిగొచ్చాక నేను చేసిన మొదటి పని లంకల గన్నవరం వెళ్ళడం. డొక్కా సీతమ్మ గారి ఊరని మనందరం చెప్పుకుంటాం, 1909లో పోయేదాకా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన ఊరు. అక్కడే గోదావరి వైనతేయ పాయ మీదుగా కాలువని వంతెనలా దాటించారు, 49 ఖానాలు, 1850ల్లో వీణం వీరన్న గారు దగ్గరుండి కట్టించిన అక్విడెక్టు. దాని పక్కనే 2000లో సీతమ్మ గారి పేరుతో కొత్తది వచ్చింది. కింద ఏరు ఒకవైపు పోతుంటే పైన కాలువ అడ్డంగా పోతుంది. ఆ నీళ్ళు దాటకపోతే అవతల నగరం అనే లంకలో వరి లేదు. బస్సు కిటికీలోంచి చూసే బదులు దిగి, ఖానాలు లెక్కపెట్టుకుంటూ నడవండి, పిల్లల్ని తీసుకెళ్ళండి. దీనికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

ఇక కేరళ. అలప్పుళలో హౌస్‌బోటు వాళ్ళు వెంటపడతారు. చక్కగా ఉంటాయి, ఎక్కొద్దని నేననను. నేను మాత్రం జెట్టీకి వెళ్ళి సర్కారు బోటెక్కాను. మనవాళ్ళు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినట్టే అక్కడ బడిపిల్లలూ, సంచులతో ఆడవాళ్ళూ, ఆసుపత్రికి వెళ్ళే ముసలివాళ్ళూ ఒక్కో రేవులో ఎక్కుతూ దిగుతూ ఉంటారు. నీళ్ళ మధ్య ఊళ్ళెలా ఉంటాయో అందులో కూర్చుంటే తెలుస్తుంది.

బోటు వెళ్తుండగా గట్టు అవతల వరి చేను కనబడింది. చూస్తే ఏదో తేడాగా ఉంది, ఏంటో మొదట అర్థం కాలేదు. తర్వాత ఒక రేవులో దిగి గట్టు మీద నడిచాక తెలిసింది. కాలువ నీళ్ళు పైన ఉన్నాయి, చేను కింద ఉంది. గట్టు దిగి చేలో నిలబడితే అవతల కాలువ నీళ్ళ మట్టం నా భుజాల దాకా వస్తుంది. మనకి కాలువలోంచి చేలోకి నీళ్ళు పెట్టడం తెలుసు, అక్కడ చేలోంచి కాలువలోకి తోడి పోస్తేనే పంట. కుట్టనాడులో చాలా చేలు సముద్ర మట్టం కన్నా కిందే ఉన్నాయి, కొన్నిచోట్ల 2 మీటర్లు కూడా. 2013లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ఈ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

ఆ తోడే యంత్రం చూడాలి మీరు. చెక్కతో చేసిన పీపా ఒకటి నిలువుగా పెట్టి ఉంటుంది, లోపల రెక్క, పైన మోటారు. రెక్క తిరిగితే నీళ్ళు పీపాలో పైకి లేచి, పక్కనున్న పొడుగాటి చెక్క పెట్టెలోంచి గట్టు దాటి కాలువలో పడతాయి. బ్రిటిష్ కాలం నాటి ఏర్పాటు, ఇప్పటికీ పనిచేస్తోంది. అసలు గొప్ప ఆ యంత్రంలో లేదండీ. వాళ్ళు పాడశేఖరం అంటారు, వందల ఎకరాల చుట్టూ ఒకటే గట్టు. లోపల ఎంతమంది రైతులున్నా నీళ్ళు తోడాల్సింది ఒకేసారి. నేను ఇవాళ చల్లుతాను, నువ్వు నెల తర్వాత చల్లుకో అంటే కుదరదు. అందుకని రైతులందరూ కమిటీలో కూర్చుని, ఫలానా రోజు మోటారు వేద్దాం, ఫలానా రోజు విత్తనం చల్లుదాం అని తేల్చుకుంటారు. నన్ను తన ఇంటి వరండాలో కూర్చోబెట్టి మాట్లాడిన ఒక రైతు "గట్టు తెగితే ఎవరి చేను అని చూసుకోవడానికి ఉండదు, అందరం మునుగుతాం" అన్నారు.

అది వింటుంటే నాకు మన 2011 గుర్తొచ్చింది. ఆ ఏడు కోనసీమ రైతులు పంట విరామం ప్రకటిస్తే దేశమంతా మాట్లాడుకుంది. గిట్టుబాటు ధర లేదన్నది పెద్ద కారణం, దానితో పాటు ముంపు కూడా ఉంది. మురుగు కాలువలు పూడిపోయి, గుర్రపు డెక్క అల్లుకుపోయి, వాన కురిస్తే సార్వా చేలో నీళ్ళు రోజుల తరబడి నిలబడిపోతే ఎవరు మాత్రం నాటుతారు? ఒకాయన తన చేను బయటపడాలని గండి కొడితే కింది ఆయన చేను మునుగుతుంది, ఆ తగువులు ఎలా ఉంటాయో ఇక్కడున్న రైతులకి నేను చెప్పక్కర్లేదు. మనకి గట్టు ఒకటే కాదు కాబట్టి మన నీళ్ళు కూడా ఒకటే అని మర్చిపోతున్నాం. డ్రెయిను మొదట్లో డెక్క తీసి చివర్లో వదిలేస్తే ఎవరికీ లాభం లేదు.

కుట్టనాడులో అంతా బాగుందని నేననడం లేదు. తణ్ణీర్‌ముక్కం దగ్గర ఉప్పునీళ్ళు రాకుండా పెద్ద అడ్డుకట్ట ఉంది. దాని తలుపులు మూస్తే వరికి మంచిది, చేపలవాళ్ళకి దెబ్బ, లోపల నీళ్ళు కదలక డెక్క కూడా పెరుగుతుంది. ఎప్పుడు మూయాలి, ఎప్పుడు తెరవాలి అన్న తగువు అక్కడ పాతదే. 2018 వరదల్లో ఆ ప్రాంతం వారాల తరబడి నీళ్ళలో ఉండిపోయింది. కష్టం వాళ్ళకీ ఉంది.

సరే, ఇప్పుడు దేశం దాటుదాం. వియత్నాంకి ఇంట్లో కూర్చునే ఈ-వీసా పెట్టుకోవచ్చు, మా మేనకోడలు పెట్టి పెట్టింది. హో చి మిన్ నగరంలో దిగి, దక్షిణంగా బస్సెక్కాం. కొంత దూరం పోయాక కొబ్బరి చెట్లు, అరటి తోటలు, కాలువ, కాలువ మీద మనిషి మాత్రం పట్టే వంతెన, గట్టు మీద ఇల్లు, ఇంటి ముందు కట్టేసిన పడవ. మా వారు కిటికీలోంచి చూసి "రాజోలు వచ్చేసిందా ఏంటి" అన్నారు.

కాన్ తో అని పెద్ద ఊరు, దాని దగ్గర కై రాంగ్ అని నీళ్ళ మీద సంత. తెల్లారకముందే చిన్న పడవ మాట్లాడుకుని వెళ్ళాలి, ఎండెక్కితే సంత పలచబడిపోతుంది. ప్రతి సరుకు పడవ ముందరా ఒక పొడుగాటి వెదురు గెడ నిలబెట్టి ఉంటుంది. పడవలో అనాసలుంటే గెడ చివర అనాసపండు, గుమ్మడికాయలుంటే గుమ్మడికాయ, నాలుగు రకాలుంటే నాలుగూ కింద నుంచి పైకి వరసగా కట్టి ఉంటాయి. ఇంజిన్ల మోతలో ఎంత అరిచినా ఎవరికీ వినబడదు కాబట్టి దూరం నుంచే గెడ చూసి పడవ అటు తిప్పుకుంటారు. ఒక పడవ గెడకి ఉత్త కొబ్బరాకు కట్టి ఉంది. కొబ్బరాకు అమ్ముతారా అని అడిగితే పడవ నడిపే అమ్మాయి నవ్వి, ఆ గుర్తుంటే పడవే అమ్మకానికి పెట్టారని అర్థం అని చెప్పింది. తాడు మీద ఆరేసిన బట్టలు మాత్రం అమ్మకానివి కావు, ఆ పడవలోనే కాపురముండే వాళ్ళవి.

ఈ సంత కూడా తగ్గిపోతోంది. రోడ్లు బాగుపడ్డాయి, సరుకు లారీల్లో పోతోంది. మన కాలువలకి జరిగిందే అక్కడా జరుగుతోంది. పిల్లలూ, మన కాలువల మీద లాకులు ఎందుకున్నాయో తెలుసా? కాలువ ఎగువ మట్టం నుంచి దిగువ మట్టానికి పడవ దిగాలంటే మధ్యలో ఒక గదిలా కట్టి, ముందు తలుపు మూసి వెనక తలుపు తీసి, నీళ్ళు నింపో వదిలో పడవని దాటిస్తారు. ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్ళివారు, అందరూ ఆ దారినే వెళ్ళేవారని మా నాన్నగారు చెప్పేవారు. కాలువ అప్పట్లో చేనుకి నీళ్ళే కాదు, ఊరికి రోడ్డు కూడా.

అక్కడి నుంచి బెన్ చె వెళ్ళాం. వియత్నాంలో కొబ్బరికి పేరున్న చోటు, మన అంబాజీపేట లాగే. కాయ వలిచేవాళ్ళు, పీచు తీసేవాళ్ళు, చిప్పలు బొగ్గు చేసేవాళ్ళు, చూస్తే అన్నీ మనం ఎరిగిన పనులే. అక్కడ కొబ్బరి మిఠాయి చేసే షెడ్డులోకి వెళ్ళాను. కొబ్బరి కోరి పాలు పిండి, బియ్యంతో చేసిన పాకం కలిపి, పెద్ద మూకుడులో చిక్కబడేదాకా తిప్పుతారు. వాసన అచ్చం మన కొబ్బరి లౌజుదే. పొడుగాటి చెక్క అచ్చుల్లో పోసి, చల్లారాక ముక్కలు కోస్తారు. నలుగురైదుగురు ఆడవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని, ఎక్కడా తడుముకోకుండా, ముక్కకి రెండు పొరలు చుడుతున్నారు. పైది మామూలు కాగితం. లోపలిది తెల్లగా, గాజులా పల్చగా ఉంది. తీయబోతే ఒకావిడ నా చెయ్యి పట్టుకుని వద్దని, నోట్లో వేసుకోమని సైగ చేసింది. వేసుకుంటే కరిగిపోయింది. అది బియ్యపు పొర, మన పూతరేకుకి తోబుట్టువు!

బియ్యపు రేకులు ఎక్కడ చేస్తారో చూపించమని పట్టుబడితే ఒక ఇంటికి తీసుకెళ్ళారు. మరిగే నీళ్ళ గిన్నె మూతికి బట్ట బిగించి కట్టి ఉంది. దాని మీద జారుగా కలిపిన పిండి గరిటెతో గుండ్రంగా పరిచి, మూత పెట్టి, ఆవిరికి ఉడికాక పల్చటి వెదురు బద్దతో లేపి, తడక మీద ఆరబెడుతున్నారు. నా ఫోన్లో ఆత్రేయపురంలో తీసిన వీడియో ఉంది. బోర్లించిన కుండ, కింద మంట, పిండిలో ముంచిన గుడ్డ, ఒక్క లాగులో కుండ మీద పరుచుకునే రేకు. ఆ ఇంటావిడకి చూపించాను. ఆవిడ పొయ్యి మీద మూత అలాగే వదిలేసి, వీడియో మళ్ళీ వేయమంది, మళ్ళీ వేయమంది. గుడ్డ రెండు చేతులా ఎలా పట్టుకున్నారో చూసి, తన చేతిగుడ్డ తీసుకుని గాల్లో అలా లాగి చూసుకుంది. తర్వాత లోపలున్న తల్లిని పిలిచి ఆవిడకీ చూపించమంది. వాళ్ళ మాట నాకు రాదు, నా మాట వాళ్ళకి రాదు, అయినా ఆ గంటలో మేం మాట్లాడుకున్నంత నేను ఇంకే ఊళ్ళోనూ మాట్లాడలేదు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చెప్పడానికి ఫోన్లో అనువాదం పెట్టాల్సి వచ్చింది, అది ఒక్కటే. అందుకని ఎవరు ప్రయాణం అన్నా నేను ఇదే చెప్తాను, మన ఊరి పనుల వీడియోలు ఫోన్లో పెట్టుకెళ్ళండి. గుడి ఫొటో చూపిస్తే బాగుందంటారు. పని చూపిస్తే వాళ్ళు తమ పని చూపిస్తారు.

మెకాంగ్‌లో నాకు భయం వేసిన సంగతి కూడా చెప్పాలి. ఉప్పు. ఎండాకాలంలో ఏటిలో నీళ్ళు తగ్గితే సముద్రం పోటుకి ఉప్పునీళ్ళు కాలువల్లో పైకి ఎక్కుతాయి. 2016లో, మళ్ళీ 2020లో చాలా దూరం ఎక్కి చేలు ఎండిపోయాయి, జనం తాగే నీళ్ళు కొనుక్కున్నారు. వానలు తక్కువవడం ఒకటి, ఎగువన డ్యాములు ఒకటి, ఏటిలో ఇసక తవ్వేసి అడుగు లోతు చేసుకోవడం ఇంకొకటి. లీటరుకి 4 గ్రాముల ఉప్పు గీత ఏటిలో ఎంత లోపలికి వచ్చిందో అక్కడ వాతావరణ వార్తల్లాగే రోజూ చెప్తారు. రైతులు చేతిలో పట్టే మీటరు కాలువలో ముంచి చూసుకుని, ఉప్పు తక్కువున్న పూటే తూము ఎత్తి తోటలో గుంటలు నింపుకుంటారు. మనకీ వేసవిలో పోటు నీళ్ళు పాయల్లో ఎక్కుతున్నాయి, గోదావరిలో ఇసక తవ్వకాలు మనకీ ఉన్నాయి, దానికి తోడు రొయ్యల చెరువుల ఉప్పు పక్క చేలలోకి ఊరుతోంది. సముద్రానికి దగ్గరున్న ఊళ్ళలో బోరు నీళ్ళు నోట పెట్టుకోలేక క్యాన్లు కొంటున్నాం. ఆ మీటరు పెద్ద ఖరీదైన వస్తువేమీ కాదు. ఊరికి ఒకటి కొని, మన హైస్కూలు పిల్లలు వారానికోసారి కాలువలో ముంచి అంకె రాసి పంచాయతీ బోర్డు మీద పెడితే చాలు. హెడ్మాస్టారు గారు ఇక్కడే ఉన్నారు, ఆయనతో మాట్లాడతాను.

ఇక నెదర్లాండ్స్. మా అబ్బాయి ఉద్యోగం అక్కడే, మనవరాలు పుట్టినప్పుడు వెళ్ళాం. పిల్లలూ, మూడు సంవత్సరాలు రాసుకోండి. 1852, 1953, 1986.

విమానం దిగే స్కిపోల్ ఎయిర్‌పోర్టు సముద్ర మట్టానికి 3 మీటర్లకి పైగా కింద ఉంది. అదంతా ఒకప్పుడు పెద్ద సరస్సు. గాలి వానొస్తే ఒడ్డు కోసుకుపోయి ఊళ్ళని మింగేస్తోందని ఆవిరి యంత్రాలు పెట్టి ఏళ్ళ తరబడి నీళ్ళు తోడి, 1852లో నేల తేల్చారు. అదే 1852లో మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఇక్కడ నీళ్ళు ఎత్తి పొలాలకి పంపితే, అక్కడ నీళ్ళు తోడి పొలాలు తీసుకున్నారు.

1953లో ఆగస్టులో మన గోదావరికి పెద్ద వరద, మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే ఏడు జనవరి 31 రాత్రి తుఫాను గాలికి సముద్రం పొంగి నెదర్లాండ్స్‌లో గట్లు తెగాయి, 1,836 మంది పోయారు. ఔవర్‌కెర్క్ అనే ఊళ్ళో దానికొక మ్యూజియం ఉంది. చివరి గండి పూడ్చడానికి తెచ్చి ముంచిన నాలుగు పెద్ద కాంక్రీటు పెట్టెలుంటాయి, ఆ పెట్టెల్లోనే మ్యూజియం పెట్టారు. లోపల చీకటి గదిలో పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే ఇసక మీద వెలుగులో కనబడతాయి. 1,835 తర్వాత ఇంకొకటి కలిపి లెక్క చెప్తారు, ఆ ఒకటీ ఆ రాత్రే పుట్టి ఆ రాత్రే మునిగిపోయిన పసిబిడ్డది.

అక్కడ నేను చాలాసేపు కూర్చున్నాను. 1996 నవంబరు 6 మన అందరికీ తెలుసు. ఆ రాత్రి తుఫానుకి కొబ్బరి తోటలు నేలకొరిగాయి, వెయ్యిమందికి పైగా పోయారు, వాళ్ళలో వేటకెళ్ళి తిరిగిరాని మత్స్యకారులు ఎంతోమంది. కొబ్బరి చెట్ల లెక్క తీశాం, నష్టపరిహారం లెక్క తీశాం. మన ఊరి నుంచి పోయినవాళ్ళ పేర్లు రాసిన గోడ మన ఊళ్ళో లేదు. ఈ గ్రంథాలయంలో ఒక గోడ ఖాళీగా ఉంది, ఇదిగో ఈ బీరువా పక్కది. ఆ ఇళ్ళకి వెళ్ళి, అడిగి, వాళ్ళకి ఇష్టమైతే పేర్లు రాయిద్దామని నా కోరిక. పేరు, వయసు, ఏ పడవలో వెళ్ళారు, అంతే చాలు. నాతో వచ్చేవాళ్ళు సభ అయ్యాక ఉండండి.

మూడోది 1986. ఆగస్టులో మనకి వచ్చిన వరద ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. ఏటిగట్లు తెగి, లంకల వాళ్ళు మేడల మీదా బడుల్లోనూ గడిపిన రోజులవి. అదే ఏడు అక్టోబరులో నెదర్లాండ్స్‌లో ఊస్టర్‌స్కెల్డ అడ్డుకట్ట ప్రారంభమైంది. 9 కిలోమీటర్ల పొడుగు, 62 ఉక్కు తలుపులు. మొదట దాన్ని సముద్రానికి అడ్డంగా పూర్తిగా మూసేసే కట్టగానే అనుకున్నారు. మూసేస్తే లోపల నీళ్ళు మంచినీళ్ళయిపోయి ఆల్చిప్పలు, చేపలు పోతాయని చేపలవాళ్ళూ పర్యావరణం వాళ్ళూ పట్టుబట్టారు. ఖర్చు బాగా పెరిగినా సరే, పని మధ్యలో ప్లాను మార్చారు. మామూలు రోజుల్లో తలుపులు ఎత్తే ఉంటాయి, పోటూ పాటూ యథాప్రకారం లోపలికీ బయటికీ తిరుగుతుంటాయి. తుఫాను వచ్చి సముద్రం ఎగదన్నే రోజున మాత్రమే దించుతారు. తలుపుల కింద నిలబడితే పాటు నీళ్ళు లాగేసే జోరుకి కాళ్ళ కింద కాంక్రీటు అదురుతుంది. ఎవరి జీవనం ఆ నీళ్ళ మీద ఉందో వాళ్ళని అడిగి కట్టారు, అది నాకు ఆ తలుపుల కన్నా పెద్దగా కనబడింది.

వాళ్ళకి నీటి బోర్డులని ఉన్నాయి, 13వ శతాబ్దం నుంచీ ఉన్నాయి, రాజ్యాలు మారినా అవి పోలేదు. వాటికి వేరే ఎన్నికలు, వేరే పన్ను. మా అబ్బాయి ఇంటికి కూడా ఆ పన్ను కాగితం వస్తుంది, నేను అడిగి చూశాను. గట్టు మీద గడ్డి ఎంత ఎత్తుంది, కాలువలో డెక్క తీశారా, ఇవన్నీ ఆ బోర్డు పని, చెయ్యకపోతే అడగడానికి మనిషి ఉన్నాడు. కిండర్‌డైక్ అని 19 గాలిమరలున్న ఊరు, 1740 ప్రాంతంలో కట్టినవి చాలావరకు, 1997లో యునెస్కో గుర్తించింది. ఫొటోల కోసం అందరూ వెళ్తారు. ఆ మరలు కట్టింది పల్లపు కాలువలో నీళ్ళు ఎత్తి పై కాలువలో పొయ్యడానికి. కుట్టనాడు చెక్క పీపా చేసే పనే. కొన్నిట్లో ఇప్పటికీ కాపురాలున్నాయి, కిటికీలో పూలకుండీలు, వెనకాల ఆరేసిన దుప్పట్లు.

ఒక అమ్మాయి చీటీ పంపింది, "ఆంటీ, ఆడవాళ్ళు ఇలా వెళ్ళడానికి టెన్షన్ ఉండదా" అని. ఉంటుందమ్మా, మొదటి రాత్రి కొత్త ఊళ్ళో నిద్ర పట్టదు. నేను ఎక్కడికెళ్ళినా పగలే ఊరు చేరేలా చూసుకుంటాను, మందులూ పాస్‌పోర్టు జిరాక్సూ రెండు చోట్ల పెడతాను, పొద్దున్నే ఊళ్ళో సంతకి వెళ్తాను. ఏ దేశంలోనైనా పొద్దుటి సంతలో ఆడవాళ్ళే ఎక్కువ ఉంటారు, కూర కొంటే ఎలా వండాలో చెప్తారు, అక్కడ ధైర్యం వచ్చేస్తుంది.

ఇంకొక్క సంగతి చెప్పి మైకు ఇచ్చేస్తాను. ప్రయాణం అంటే నాలాంటి వాళ్ళు పెన్షన్ డబ్బులతో చేసేదే అనుకుంటున్నారు మీరంతా. ఈ ఊళ్ళో నాకన్నా ఎక్కువ లోకం చూసినవాళ్ళు కువైట్, మస్కట్, దుబాయ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళు. ఇంటి పనులకి వెళ్ళిన అక్కచెల్లెళ్ళు, డ్రైవర్లుగా, తోటల్లో పనికి వెళ్ళిన తమ్ముళ్ళు. వాళ్ళని ఎంత పంపావు, ఎంత మిగిల్చావు అని అడుగుతాం గానీ ఏం చూశావని ఎవరూ అడగరు. మొన్న మా వీధి తమ్ముడు ఒకతను, ఒమన్‌లో నిజ్వా దగ్గర ఖర్జూర తోటలో పనిచేసి వచ్చాడు, మాటల్లో ఫలజ్ గురించి చెప్పాడు. కొండ అడుగున నీళ్ళు పట్టి, సన్న కాలువలో వాలుగా తోటల దాకా తెస్తారట. నీళ్ళు గంటల లెక్కన వంతులు, పగలు కర్ర నీడ చూసి, రాత్రి నక్షత్రాలు చూసి వంతు మార్చేవారట పూర్వం. అలాంటి అయిదు కాలువల్ని యునెస్కో 2006లో గుర్తించింది, నిజ్వా దగ్గరున్న ఫలజ్ దారిస్ వాటిలో ఒకటి. నేను పుస్తకంలో చదివిన దాన్ని మన తమ్ముడు చేత్తో ముట్టుకుని వచ్చాడు. నేను ఒమన్ చూడలేదు, అతను చూశాడు.

అతను వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు, మాట్లాడనంటున్నాడు. రా నాన్నా, ముందుకు రా. ఆ కాలువ వెడల్పు ఎంత, వంతు తప్పినవాణ్ణి ఏం చేసేవారు, ఎండాకాలంలో నీళ్ళు తగ్గితే ఎవరి తోటకి ముందు పెట్టేవారు, అవి చెప్పు చాలు. మన రైతులు అడుగుతారు, నువ్వు చెప్పు. ఇదిగో మైకు.